గడ్డ మీద మా అవ్వ

మా ఆయన ఫోనులో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి నా ముందుకు జరిపాడు. ఒకదానిలో కొబ్బరిచెట్ల కింద చెక్క గది, గది ముందు ఊయల, ఊయలలో మడిచి పెట్టిన తెల్ల తువ్వాలు. రెండోదానిలో సముద్రం నడుమ ఒక పడవ. చేపలు పట్టే పడవ కాదు, రెండంతస్తుల ఇల్లంత ఉంది. పడక గదులు, వంటగది, వెనుకవైపు నీళ్లలోకి దిగే నిచ్చెన అన్నీ దాంట్లోనే. డైవింగ్ చేసేవాళ్లు దాన్ని లైవ్‌అబోర్డ్ అంటారు. ఒకసారి ఎక్కితే తినడం, పడుకోవడం, మునగడం అంతా ఆ పడవ మీదే. మళ్లీ నేల మీద కాలు పెట్టేది సెలవులు అయిపోయాకే.

"ఇగో, సక్కగ సూడు," అన్నాడు మా ఆయన. "ఇది రిసార్టు. పొద్దుగాల పోతవ్, మునుగుతవ్, పగటి అన్నం యాళ్లకు ఒడ్డుకొస్తవ్. మంచం కదలది, నేల కదలది. ఇగ గది పడవ. లేస్తె నీళ్లు, పంటె నీళ్లు. పైసలిచ్చి జైల్ల కూసున్నట్టు."

"జైల్ల చేపలు కనవడ్తయా?" అన్నాను.

"చేపల కోసం గంత దూరమెందుకు? ఆదివారం మార్కెట్‌కు పో, మస్తు కనవడ్తయి."

నిజామాబాద్‌లో మా ఇంట్లో ఆ వారమంతా ఇదే పంచాయితీ. మా ఆయన కరెంటు ఆఫీసు మనిషి. ఏదైనా ఒక చోట కదలకుండా, గట్టిగా పాతుకొని ఉంటేనే ఆయనకు నమ్మకం. నేను సర్కారు బడిలో పీటీ టీచర్ని. పిల్లలను ఎండలో ఉరికించి, ఈల ఊది, గొంతు బొంగురుపోయేదాకా అరిచే పని. కూర్చున్న చోట కూర్చోవడం నాకు చేతకాదు. నన్నడిగితే పడవే. అండమాన్‌లో ఆ సీజన్‌కు ఒక పడవ తిరుగుతోందని తెలిసినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద లేవు. ఒడ్డు నుంచి పోయే చిన్న పడవలు అందుకోలేని దూరపు పగడపు దిబ్బల దగ్గర అది రోజుల తరబడి ఆగుతుంది.

కానీ ఈసారి నేను ఒక్కదాన్నే పోవడం లేదు. మా అవ్వను తీసుకుపోవాలి. మా వైపు తల్లిని అవ్వ అంటాం. ఆమె మునగదు, ఆమెకు ఈత కూడా రాదు. నేను నీళ్లలోకి దిగుతుంటే ఆమె గడ్డ మీద, అంటే ఒడ్డున, కూర్చోవాలి, అంతే నా కోరిక. చిన్న కోరికే అనిపించవచ్చు. మా ఇంట్లో దానికి ఎంత విలువ ఉందో చెప్పాలంటే మా బావి సంగతి చెప్పాలి.

మాది బోధన్ అవతల, మంజీర వైపు ఊరు. అప్పట్లో చుట్టూ చెరకు. ఫ్యాక్టరీ గానుగ మొదలైతే మా ఊరిదాకా తియ్యటి, కొంచెం మాడిన వాసన వచ్చేది. ఇప్పుడు ఆ గానుగ లేదు, చేన్లలో వరి ఉంది, సోయా ఉంది, బావుల చోట బోర్లు ఉన్నాయి. నేను చెప్పేది బావుల కాలం. మాది రాతికట్టు బావి. దిగడానికి ఒక పక్క రాళ్లు బయటికి పొడుచుకొని ఉండేవి. మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో చెరకు ఆకు ఇరుక్కుంటే నీళ్లు ఎక్కేవి కావు. అప్పుడు మోటారు బంద్ చేసి, ఎవరో ఒకరు ఊపిరి బిగపట్టి కిందికి పోయి దాన్ని శుభ్రం చేయాలి. మా బావికే కాదు, చుట్టుపక్కల చాలా బావులకు ఆ మనిషి మా బాపు, అంటే మా నాన్న.

బాపు బావిలో దిగాలంటే అవ్వ గడ్డ మీద ఉండాలి. ఇది మా ఇంటి చట్టం. దిగే మనిషి అంగీ విప్పి గడ్డ మీద కూర్చున్న మనిషి ఒడిలో పెడతాడు. అంగీ ఒడిలో ఉన్నంతసేపు ఆ మనిషి లేవకూడదు, పక్కకు చూడకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. దిగిన మనిషి పైకి తేలగానే చెయ్యెత్తి "ఉన్న" అని కేకెయ్యాలి. ఉన్నాను, బతికే ఉన్నాను అని. చెయ్యి మాత్రం ఎత్తితే అవ్వ ఒప్పుకునేది కాదు. ఒకసారి బాపు నోటి నిండా నీళ్లతో పైకి వచ్చి చెయ్యి ఊపితే, ఎక్కి వచ్చాక ఆయనను ఎంత తిట్టిందో!

"సెయ్యి నీళ్ల మీద ఉత్తగనే తేలుతది. ఊపిరుంటెనే గొంతు లేస్తది. నోరు ఇప్పి సెప్పు," అన్నది.

బాపు తడి మీసాలు తుడుచుకుంటూ నవ్వి, మళ్లీ బావిలోకి దునికి, పైకి తేలి, ఊరు ఊరంతా వినేలా "ఉన్న" అని అరిచాడు. ఆయనకు అవ్వ "ఊఁ" అనేది. పిల్లలం మేం అరిస్తే మాత్రం "సల్లగుండు" అనేది, చల్లగా బతకమని దీవెన. ఎన్నిసార్లు మునిగి లేస్తే అన్నిసార్లు. ఎండాకాలం సెలవుల్లో మా ఊరి పిల్లలందరికీ మా బావే ఈత బడి. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని దునికేవాళ్లం. గడ్డ మీద అవ్వ ఒడి నిండా మా అంగీలు, గౌన్లు కుప్పపోసి ఉండేవి.

ఒక రోజు నేను అడిగాను, "అవ్వా, నువ్వెందుకు దిగవు?" అని.

"నేను దిగితె గడ్డ మీద ఎవలు కూసుంటరు బిడ్డా?" అన్నది.

ఆ జవాబు అప్పుడు నాకు చాలా సరిగ్గా తోచింది. గడ్డ మీద ఉండేది అవ్వ, అంతే. మోటారు షెడ్డు ఎక్కడుందో అక్కడే ఉన్నట్టు, అవ్వ కూడా అక్కడే.

నాకు పదమూడేళ్లు దాటాక నాయినమ్మ నా ఈత మానిపించింది. ఆడపిల్ల ఈడుకు వచ్చింది, మగపిల్లల నడుమ బావిలో దునుకుడేందని తీర్పు చెప్పింది. నాయినమ్మ తీర్పు మీద అప్పీలు ఉండదు. అవ్వ ఎదురు చెప్పలేదు. నేను అన్నం మానేసి మూలకు కూర్చున్నాను. అవ్వ నా వైపు చూడలేదు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు చెరకు నరికే కాలం. ఊళ్లో మగవాళ్లంతా బండ్ల మీద చెరకు వేసుకొని బోధన్ ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. గేటు ముందు బండ్ల వరుస ఎంత పొడుగుంటే అంతసేపు అక్కడే, ఎడ్లకు మేత వేసుకుంటూ, బండి కిందే పడుకుంటూ. మగపిల్లలు కూడా వాళ్ల వెంటే పోయేవాళ్లు, తోవలో చెరకు నమలొచ్చని. ఆ రోజుల్లో పగటి పూట ఊళ్లో ముసలివాళ్లు, ఆడవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. నాయినమ్మ అన్నం తిని కునుకు తీయగానే అవ్వ నా భుజం తట్టింది. కొడవలి, గడ్డి తాడు చేతికిచ్చింది.

"దా, గడ్డికి పోదాం."

గడ్డికి పోలేదు. తిన్నగా బావి దగ్గరికి పోయాం. అవ్వ తన పాత చీరను మోటారు షెడ్డు గుంజకు, పక్కనున్న తుమ్మ కొమ్మకు కట్టి తెర చేసింది. గడ్డ మీద కూర్చొని ఒడి చాపింది.

"దునుకు," అన్నది.

చలికాలం బావి నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. నేను ఎంతసేపు ఈదానో తెలియదు. ఆ గానుగ కాలమంతా, ఆ తరవాతి గానుగ కాలాలు కూడా, ఊరు ఖాళీ అయిన ప్రతి మధ్యాహ్నం ఆ బావి నాది. గడ్డి కూడా కోసుకొనే ఇంటికి పోయేవాళ్లం, లేకపోతే నాయినమ్మకు అనుమానం వస్తుంది. బడి తరఫున ఈత పోటీలకు పోయింది, పీటీ టీచర్ ఉద్యోగం తెచ్చుకున్నది ఆ మధ్యాహ్నాల బలంతోనే. నాకు గర్వం ఎక్కువని మా ఆయన అంటాడు. ఎక్కువే. అట్లాంటి తల్లి ఉన్నాక తక్కువ ఎందుకు ఉండాలి?

సముద్రంలో మునగడం నేను నేర్చుకున్నది యాభైకి దగ్గర పడ్డాక. హైదరాబాద్‌లో ఒక ఈత కొలనులో పాఠాలు, తరవాత పుదుచ్చేరిలో సముద్రం. వీపు మీద గాలి సిలిండరు, నోట్లో గొట్టం, నడుముకు సీసపు దిమ్మెలు. నాతో నేర్చుకునే కుర్రపిల్లలు నవ్వుతారేమో అనుకున్నాను కానీ క్లాసులో అందరికంటే ముందు చెవులు సర్దుకున్నది నేనే. లోతుకు పోయేకొద్దీ చెవులు నొప్పి పెడతాయి, ముక్కు మూసి గాలి ఊది సర్దుకోవాలి. మా బావిలో గుటకలు మింగి అదే పని చేసేవాళ్లం.

అక్కడే నా పరువు పోయింది. మొదటి రోజు సముద్రంలో మునిగి పైకి తేలాను. తేలగానే, చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు కదా, చెయ్యెత్తి గట్టిగా ఊపి "ఉన్న!" అని అరిచాను. డైవింగ్‌లో నీటి మీద చెయ్యి ఊపడం అంటే నన్ను కాపాడండి అని. అంతా బాగుంటే చేతిని తల మీద గుండ్రంగా పెట్టి చూపాలి. అది పాఠంలో చెప్పారు, నేను రాసుకున్నాను, మరిచిపోయాను. పడవ మీద నుంచి రబ్బరు చక్రం వచ్చి నా పక్కన పడింది. దాని వెనకే ఒక మనిషి దునికాడు. నేర్పే ఆయన నా చంక కింద చెయ్యి వేసి ఈడ్చుకుపోతుంటే నేను "నాకేం కాలే, ఉన్న, ఉన్న!" అని ఇంకా గట్టిగా అరుస్తున్నాను. అది విని ఆయన ఇంకా వేగంగా ఈడ్చాడు.

పడవ ఎక్కాక సంగతి చెబితే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తరవాతి మునకలకు బుద్ధిగా తల మీద చెయ్యి పెట్టాను. అయితే ప్రతిసారీ ఏదో వెలితి. సైగ చేస్తే పడవ మీది మనిషి సైగ చేస్తాడు. సరిపోతుంది, నియమం ప్రకారం అంతా సవ్యమే. కానీ నా బట్టలు ఎవరి ఒడిలోనూ లేవు. సల్లగుండు అనేవాళ్లు లేరు. అప్పుడే అనుకున్నాను, ఇంకోసారి సముద్రంలో దిగితే గడ్డ మీద మా అవ్వ ఉండాలని.

కాబట్టి రిసార్టా, పడవా అన్న ప్రశ్న నిజానికి అవ్వ ప్రశ్న. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పులున్నాయి. సముద్రం ఎన్నడూ చూడలేదు. మా ఆయన మాటల్లో న్యాయం ఉందని నాకూ తెలుసు. రిసార్టులో కదలని మంచం, మంచి బాత్రూం, దగ్గరలో దవాఖాన. పడవలో నిటారు మెట్లు, ఊగే గదులు. దూరపు దిబ్బల ఆశను మింగేసి, రిసార్టే ఖాయం చేద్దామని మనసులో అనుకొని ఊరికి పోయాను.

అవ్వ మా తమ్ముడి ఇంటి కల్లంలో కూర్చొని ఎండిన పసుపు కొమ్ములు ఏరుతోంది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. పక్కన కూర్చొని నేనూ ఏరుతూ మాట కదిపాను.

"అవ్వా, సముద్రానికి పోదామా?"

"ఎందుకు?"

"నేను నీళ్లల్ల దిగుత."

"ఎంత లోతు?"

"మన బాయి కన్న లోతు."

ఏరడం ఆపింది. "గడ్డ మీద ఎవలున్నరు?"

"గందుకే గద నిన్ను రమ్మంటున్న."

వస్తావా రావా అని నేను అడగనూ లేదు, వస్తానని ఆమె చెప్పనూ లేదు. చేతులు కడుక్కొని వచ్చి ఫోను తీసుకుంది. రిసార్టు ఫొటో ముందు చూపించాను. ఊయల, కొబ్బరిచెట్లు, తెల్ల తువ్వాలు అన్నీ వివరించాను, మా ఆయన నాకు వివరించినట్టే.

"మంచిగనే ఉంది," అన్నది అవ్వ. "నువ్వు దునికేది యాడ?"

"గాడ గాదు. చిన్న పడవల దూరం పోవాలె."

"గీ ఊయలకెల్లి కనవడ్తదా?"

"కనవడది."

"మరి నేను గీడ కూసోని ఏం సూడాలె? కొబ్బరిచెట్లనా?"

ఆ వారం రోజులు మంచాలు, మెట్లు, దవాఖానలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాం కానీ, ఒడ్డు మీది నుంచి నేను కనిపిస్తానా లేదా అని మాత్రం ఎవరమూ ఆలోచించలేదు. పడవ ఫొటో తీశాను. నీళ్లలోకి దునికేది ఈ నిచ్చెన దగ్గరే, పైకి తేలేది దీని చుట్టుపక్కలే, ఎక్కేది మళ్లీ దీని మీదికే అని చెప్పాను. అవ్వ ఫొటోను దగ్గరగా పెట్టుకొని, నిచ్చెన పైన ఉన్న చెక్క అరుగు మీద వేలు పెట్టింది.

"గిదే గడ్డ," అన్నది. "దీని మీదనే పోదాం."

మా ఆయన ఒప్పుకోలేదు. అవ్వ మా ఇంటికి వచ్చిన రోజు కూడా వాదన ఎత్తాడు. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు తిన్నగా మాట్లాడుకోరు. అత్త, అల్లుడు కదా. ఒకే గదిలో ఉన్నా నడుమ నేను ఉండాలి.

"అత్తమ్మకు పడవల కడుపుల తిప్పితె ఎట్ల?" అన్నాడు నాతో.

"అల్లునికి సెప్పు బిడ్డా," అన్నది అవ్వ కూడా నాతోనే, "ఎక్కి సూస్తెనే గద తెలిసేది అని."

మాట బాగానే ఉందనిపించింది. ఆ ఆదివారం ముగ్గురం బాల్కొండ వైపు పోయి, గోదావరి మీది శ్రీరాంసాగర్ నీళ్ల దగ్గర చేపలు పట్టే ఒకాయనను బతిమాలి ఆయన ఇంజన్ పడవ ఎక్కాం. ఆ రోజు గాలి బాగా ఉంది. నీళ్లు అలలు అలలుగా లేస్తున్నాయి. పడవ ముక్కు పైకి లేచి దబ్బున పడుతోంది. అవ్వ అడ్డపలక మీద మఠం వేసుకొని కూర్చుంది. కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని, నీళ్ల వైపే చూస్తోంది. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. బావి గడ్డ మీద కూర్చున్నట్టే కూర్చుంది.

నడి నీళ్లలోకి పోయేసరికి మా ఆయన ముఖం పాలిపోయింది. ఇంకాసేపటికి పడవ అంచు పట్టుకొని వంగాడు. పొద్దున తిన్న ఇడ్లీలు గోదావరి చేపలకు పోయాయి. అవ్వ కొంగుముడి విప్పి నిమ్మకాయ తీసింది.

"అల్లునికి జర వాసన సూడుమని సెప్పు," అన్నది, నవ్వు ఆపుకుంటూ.

ఇంటికి వచ్చి చల్లటి మజ్జిగ తాగాక మా ఆయన తీర్పు చెప్పాడు. "మీరిద్దరు పోండ్రి. నేను నిజామాబాద్‌ల గడ్డ మీద కూసుంట."

పడవ వాళ్లకు ఫోను చేశాను. అవతల మాట్లాడింది వాళ్ల డైవ్ గైడు. అండమాన్‌లో పుట్టి పెరిగిన తెలుగాయన, వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. అవ్వ ఆరోగ్యం గురించి అడిగాడు, డాక్టరుకు ఒకసారి చూపించమన్నాడు, మెట్లు ఎక్కగలదా అని అడిగాడు. నేను డాక్టరుకు చూపించానని, మెట్లు నిదానంగా ఎక్కుతుందని చెప్పాను.

"అంతా బాగానే ఉందండి, కానీ మునగని వాళ్లకు మా పడవలో పొద్దుపోదండి. అన్ని రోజులు ఆవిడ ఏం చేస్తారు?" అన్నాడు.

"కాపలా కూర్చుంటుంది," అన్నాను.

"దేనికండి?"

"నాకు."

ఆయన సరే, తీసుకురండి అన్నాడు.

అవ్వ సముద్రాన్ని మొదట చూసింది విమానం కిటికీలోంచి. పడవ ఎక్కాక చెయ్యి ముంచి నీళ్లు నాలుక మీద వేసుకుంది, ఉప్పని ముఖం పెట్టి ఉమ్మేసింది. తరవాత పడవ వెనక నిచ్చెన దగ్గరికి పోయి ఆ చెక్క అరుగు చూసుకుంది. పడవ వాళ్లు పైన మెత్తటి కుర్చీ, గొడుగు నీడ చూపించారు. వద్దంది. అరుగు పక్కనే నీడపట్టున ఒక చాప వేయించుకుంది.

మొదటి మునకకు ముందు నా పొడుగు చొక్కా విప్పి మడిచి ఆమె ఒడిలో పెట్టాను. ముప్పై ఏళ్లకు పైనే అయింది అట్లా పెట్టి. ఆమె రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

"దునుకు," అన్నది.

కింద ఏం చూశానో రాయమంటే ఇంకో పుస్తకం అవుతుంది. ఒక్కటి మాత్రం చెబుతాను. అక్కడ రామచిలుకల రంగుల్లో పెద్ద పెద్ద చేపలుంటాయి, పగడాన్ని పళ్లతో కొరుక్కు తింటాయి. ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపిస్తుంది, కరకరా చెరకు నమిలినట్టు. అంత లోతులో, అంత దూరంలో నాకు మా ఊరి చెరకు బండ్లు గుర్తొచ్చి నోట్లో గొట్టం ఉండగానే నవ్వు వచ్చింది, ముఖానికున్న అద్దంలోకి నీళ్లు చేరాయి. పైకి తేలాను. ఈసారి చెయ్యి ఊపలేదు. బుద్ధిగా తల మీద పెట్టి, గొట్టం ఊడబీకి, గొంతెత్తి అరిచాను.

"ఉన్న!"

"సల్లగుండు!" అన్నది పడవ మీది నుంచి అవ్వ. సముద్రం అంత పెద్దదైనా ఆమె గొంతు నా దాకా వచ్చింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాతో పుణె నుంచి వచ్చిన భార్యాభర్తలు ఉన్నారు, ఒక జర్మన్ ఆవిడ ఉంది. నా వెనకే పుణె ఆయన తేలి, తల మీద చెయ్యి పెట్టి సైగ చేశాడు. గైడు లెక్క పెట్టుకున్నాడు. అవ్వ మాత్రం ఆయన వైపే చూస్తూ కూర్చుంది. ఆయన నిచ్చెన ఎక్కేసరికి మరాఠీలో అందుకుంది. మా బోధన్ సంతలో సరిహద్దు అవతలి వాళ్లతో బేరాలాడి నేర్చుకున్న మరాఠీ అది. నిజాయితీగా చెప్పాలంటే సగం తెలుగే. చెయ్యి ఎందుకు చాలదో, గొంతు ఎందుకు లేవాలో ఆయనకు వివరించింది. వాళ్లావిడ నవ్వి, తన భర్త చొక్కా కూడా తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది.

మరునాటికి అవ్వ ఒడి నిండిపోయింది. చొక్కాలు, తువ్వాళ్లు, జర్మన్ ఆవిడ పూల టోపీ. ఎవరు తేలినా "ఉన్న" అని అరుస్తున్నారు. జర్మన్ ఆవిడ దాన్ని సాగదీసి పాటలా పాడేది. అవ్వ ఏ ఒక్కరినీ వదలకుండా సల్లగుండు అనేది. గైడు నాతో నవ్వుతూ, "లెక్క మాదండి, పిలుపు మీ అమ్మగారిది," అన్నాడు. అన్నం దగ్గర అందరూ ఆమె చుట్టూ చేరి కింద చూసినవి ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చెప్పేవాళ్లు. చెరకు నమిలే చేపల సంగతి ఆమెకు భలే నచ్చింది. "ఫ్యాక్టరీ బందైనంక గీడికి అచ్చినయేమో," అన్నది.

నేను ఆమెను చూసి పొంగిపోయాను. ఇంత మంది ముందు, ఈమె మా అవ్వ అని చెప్పుకోవడంలో ఉన్న సుఖం ఏ లోతులోనూ దొరకలేదు. అయితే ఒక సంగతి కనిపెడుతూనే ఉన్నాను. రోజూ మధ్యాహ్నం మేం గాలి సిలిండర్లు మార్చుకుంటుంటే ఆమె అరుగు అంచుకు జరిగి కాళ్లు నీళ్లలో పెట్టుకునేది. మొదటి రోజు పాదాలు, తరవాత పిక్కల దాకా. నిచ్చెన ఎన్ని మెట్లు నీళ్లలో ఉన్నాయో వంగి చూసేది.

చివరి రోజు మునకలు లేవు. విమానం ఎక్కే ముందు ఒక రోజు ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి, అది డైవింగ్ నియమం. పడవ ఒక దీవి చాటున, అల లేని చోట ఆగింది. నీళ్లు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. అందరూ ఊరికే ఈదుతున్నారు. నేను తడి తల ఆరబెట్టుకుంటూ అవ్వ పక్కకు వచ్చాను.

"జరుగు," అన్నది. జరిగాను. ఆమె చాప మీద నుంచి లేచి, నన్ను ఆ చోట కూర్చోమంది.

"ఎందుకవ్వా?"

"నువ్వు గడ్డ మీద కూసో. నేను దిగుత."

గైడును పిలిచాను. ఆయన అవ్వ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, నీళ్లలోకి దిగి నిచ్చెన పక్కన నిలిచాడు. అవ్వ లోపలికి పోయి నా సల్వార్ కమీజ్ వేసుకొని వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను చీర లేకుండా నేను చూడటం అదే మొదలు. చీరను నాలుగు మడతలు వేసి, కళ్లద్దాలు దాని మీద పెట్టి, రెండింటినీ నా ఒడిలో ఉంచింది.

"లెవ్వకు," అన్నది. "అటిటు సూడకు."

నిచ్చెన పట్టుకొని వెనక్కు తిరిగి ఒక్కొక్క మెట్టు దిగింది. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. నీళ్లు గొంతుకు రాగానే ఆగింది. ఈదుతున్నవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడే ఆగి చూస్తున్నారు. అవ్వ ఒక చేత్తో నిచ్చెన కడ్డీ గట్టిగా పట్టుకుంది, రెండో చేత్తో ముక్కు మూసుకుంది, కళ్లు మూసుకుంది. మునిగింది.

ఆమె తెల్ల వెంట్రుకలు నీళ్లలో విచ్చుకున్నాయి. కడ్డీ మీద ఆమె వేళ్లు కనిపిస్తున్నాయి, ఇంకా కాస్త పసుపు పట్టి. నేను ఆ చీర మీద రెండు చేతులూ పెట్టుకొని, కనురెప్ప వేయకుండా కూర్చున్నాను. ఇన్నేళ్లు ఆమె ఏం చేసిందో నాకు అప్పుడు తెలిసింది. నీళ్లలో ఉన్న మనిషికంటే గడ్డ మీది మనిషికే ఊపిరి ఆడదు.

లేచింది. ముఖం నిండా నీళ్లు కారుతున్నాయి. నోరు తెరిచింది కానీ మాట రాలేదు, దగ్గింది, ఊపిరి అందుకుంది. గైడు ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె ఆయన చెయ్యి తోసేసి నా వైపు తిరిగింది. కళ్లద్దాలు లేని కళ్లతో నన్ను వెతుక్కుంది.

"ఉన్న!" అన్నది.

ఇన్నేళ్లుగా వింటూ వచ్చిన ఆ మాట, ఆమె తన నోటితో అనడం అదే మొదటిసారి. అవతల పుణె ఆయన చప్పట్లు కొడుతున్నాడు, జర్మన్ ఆవిడ ఏదో అరుస్తోంది. నాకు జవాబు చెప్పే వంతు వచ్చింది. తల్లిని అట్లా దీవించే వయసు ఏ బిడ్డకూ రాదు, మా వైపు చిన్నవాళ్లు పెద్దవాళ్లను ఆ మాట అనరు. నేను అన్నాను. ఆమె చీర గుండెకు హత్తుకొని, బడి మైదానంలో అరిచే గొంతుతో, ఆ దీవికంతా వినబడేలా అన్నాను.

"సల్లగుండు, అవ్వా!"